సూదిలో దారం

అమ్మ వెళ్ళిపోయి ఎనిమిది నెలలు దాటింది. ఆమెను తలచుకుని నాతో మాట్లాడినవారిలో చాలామంది "త్యాగమయి" అన్నారు. వారి అభిమానాన్ని నేను శంకించడం లేదు గానీ, ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ వారు మా అమ్మను వదిలేసి ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు అనిపించేది. ఆ మాటకు ముఖం లేదు, చేతులు లేవు, కోపం అసలే లేదు. మా అమ్మకు ఈ మూడూ ఉండేవి. దారాన్ని పంటితో తెంపేటప్పుడు ఆమె ఎడమ కన్ను సగం మూసుకునేది. ఎడమచేతి చూపుడువేలి కొస, గుడ్డ కింద నుంచి సూది మొనను అడ్డుకుని అడ్డుకుని, సన్నటి చుక్కలతో గరుకుదేరి ఉండేది. జ్వరంతో కళ్ళు తెరవలేక పడుకున్నప్పుడు కూడా ఆ వేలు నుదుటికి ఆనగానే అమ్మ వచ్చిందని మాకు తెలిసిపోయేది. అందుకే ఆమె గురించి రాయాలనుకున్నప్పుడు గుణగణాల జోలికి పోకుండా ఆ వేలి దగ్గర మొదలుపెడుతున్నాను.

అమ్మ కుట్టుపని చేసేది. నాన్న సంపాదన ఇంటికి చాలని రోజులలో మొదలైన ఆ పని, చాలిన తర్వాత కూడా ఆగలేదు. మేము ముగ్గురం పిల్లలం, నేను మధ్యదాన్ని. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే కిటికీ కింద కాలితో తొక్కే మిషన్ ఉండేది. మాకు తెల్లవారడం ఆ చప్పుడుతోనే, నిద్రపట్టడం కూడా ఆ చప్పుడుతోనే. చప్పుడును బట్టి అమ్మ ఏం కుడుతోందో, ఎలాంటి మనసుతో కుడుతోందో కూడా చెప్పగలిగేవాళ్ళం. దుప్పటి అంచు అయితే ఒకే ఊపులో వాన కురిసినట్టు సాగిపోయేది. మెడ దగ్గర గుండ్రం తిప్పేటప్పుడు నాలుగు కుట్లు వేసి ఆగి, గుడ్డ జరిపి, మళ్ళీ నాలుగు కుట్లు వేసేది. అలా కాకుండా చక్రం మీద అరచెయ్యి వేసి టక్కున ఆపేసిందంటే, మా ముగ్గురిలో ఎవరో ఒకరికి ఆ పూట మూడిందన్నమాట.

ఏడెనిమిదేళ్ళ వయసులో ఆమెను ఒక ప్రశ్న అడిగాను. చేతిసూదికి బెజ్జం మొద్దు కొసన ఉంటే, మిషన్ సూదికి మొన దగ్గరే ఎందుకుంది? ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. మిషన్ మీది రేకు పలకను పక్కకు జరిపి, నన్ను వంగి చూడమని, చక్రాన్ని చేత్తో చాలా నెమ్మదిగా తిప్పింది. సూది గుడ్డలోంచి దిగి దారాన్ని కిందికి తీసుకుపోయింది; తిరిగి పైకి లేవబోతుండగా ఆ దారం వదులై చిన్న ఉచ్చులా విచ్చుకుంది; కింద తిరుగుతున్న కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ దాటించింది; అప్పుడు పై దారమూ కింది దారమూ గుడ్డ మందంలో ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుసుకున్నాయి. "చేతిసూది గుడ్డను పూర్తిగా దాటి అవతలికి వెళ్ళిపోతుంది. ఇది దాటదు. దారం అందించి వెనక్కి వచ్చేస్తుంది. మొనలో బెజ్జం లేకపోతే ఎలా అందిస్తుంది?" అంది. అమెరికాకు చెందిన ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన యంత్రంలో ఈ రెండు సంగతులూ, అంటే మొన దగ్గర బెజ్జమున్న సూదీ, కింద రెండో దారాన్ని మోసే షటిలూ ఉన్నాయని నేను చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. చదువుతున్నంతసేపూ నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ పాఠం కిటికీ కింద మోకాళ్ళ మీద కూర్చుని అప్పటికే నేర్చుకున్నాను.

అమ్మ దగ్గర ఒక కొలతల పుస్తకం ఉండేది. ముందువైపు పేజీలలో బట్టలు కుట్టించుకునేవారి ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు వరుసగా రాసి ఉండేవి. అదే పుస్తకాన్ని తిరగేస్తే, వెనకవైపు నుంచి మా జ్వరాలు మొదలయ్యేవి. రాత్రి 11 గంటలకు 102.4, రెండింటికి 101.6, అయిదింటికి 99.8, పక్కన మా పేరులో మొదటి అక్షరం. గాజు థర్మామీటర్‌ను నోట్లో పెట్టేముందు ఆమె దాన్ని మూడుసార్లు విదిల్చేది. ఆ విదిలింపు మోచేతి నుంచి కాక మణికట్టు నుంచి వచ్చేది. మా అన్నయ్య ఒకసారి ఆ విద్య ప్రదర్శించబోయి థర్మామీటర్‌ను గోడకేసి కొట్టాడు. పాదరసం గుండ్లు గుండ్లుగా నేల మీద దొర్లుతుంటే మాకు పండుగలా ఉంది, అమ్మ మాత్రం మమ్మల్ని గది బయటికి తరిమి, గట్టి కాగితంతో ఒక్కొక్క గుండునూ ఎత్తి సీసాలో వేసింది. నోట్లోంచి తీసినా ఆ పాదరసం ఎందుకు కిందికి దిగిపోదని అడిగితే, గొట్టంలో ఒకచోట సన్నటి నొక్కు ఉంటుందని, వేడికి వ్యాకోచించినప్పుడు అది దాన్ని దాటి పైకి పోతుంది గానీ చల్లబడ్డాక తనంత తాను తిరిగి రాలేదని, అందుకే విదిలించాలని చెప్పింది. పదో తరగతి దాటని మనిషికి ఇవన్నీ ఎలా తెలుసని మేము ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు. అమ్మకు తెలియనిది ఉంటుందన్న ఆలోచనే అప్పట్లో మాకు లేదు.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని చూస్తుంటే నన్ను ఆపేది అంకెలు కావు, వాటి మధ్య ఉన్న గంటలు. పదకొండు, రెండు, అయిదు. మూడేసి గంటలకు ఒకసారి ఆమె లేచిందని నేను అనుకునేదాన్ని. నాకు పిల్ల పుట్టాక అర్థమైంది, మూడేసి గంటలకు లేచేవారు మధ్యలో పడుకోరు.

ఇంత చేసిన మనిషి దగ్గర మెత్తదనం మాత్రం దొరికేది కాదు. ఇది రాయడానికి కొంచెం సంకోచంగానే ఉంది, కానీ రాయకపోతే నేనూ ఆ "త్యాగమయి" బొమ్మకే ఇంకో పూత పూసినదాన్నవుతాను. అమ్మ మెచ్చుకోదు. ఆమె నోట వచ్చే అత్యున్నత పురస్కారం "పర్వాలేదు". నేను మొదటిసారి కుట్టిన దిండుగలీబును చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, ఒక్క మాటా అనకుండా కుట్లు విప్పే కొక్కెంతో ఆ చివర నుంచి ఈ చివరకు విప్పేసి, మడతపెట్టి నా చేతికిచ్చింది. పక్కన బట్టలకు కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆ గలీబును నేను నాలుగుసార్లు కుట్టాను, అయిదోసారి కుట్టలేదు. బడిలో పద్యాల పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చిన సంవత్సరం, బడులు తెరిచే రోజులు కావడంతో యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయని ఆమె రాలేదు. వేదిక మీద నిలబడి వెనక వరుస వరకూ వెతికాను. ఇంటికి వచ్చి బహుమతి చూపిస్తే, మిషన్ ఆపకుండానే, "అక్కడ పెట్టు, నూనె మరక అంటుతుంది" అంది. ఆ వాక్యాన్ని నేను ముప్ఫై ఏళ్ళు మోశాను. ఇప్పుడు ఆలోచిస్తే మరక అంటకూడదని ఆమె అన్నది ఆ బహుమతికే కదా అనిపిస్తుంది; పన్నెండేళ్ళ పిల్లకు అలా వినపడదు.

ఆ తర్వాత సంవత్సరాలను త్వరగా దాటేయవచ్చు. చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, నాన్న పోవడం. నాన్న పోయిన నెలకు అమ్మ మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. మేము వద్దంటే, "చేతులు ఊరుకోవు" అని ఒక్క మాటతో సరిపెట్టింది.

ఆమెకు యాభై ఏడేళ్ళప్పుడు నాకు కూతురు పుట్టింది. అప్పటి నుంచి మా అమ్మ స్థానంలో నాకు పరిచయం లేని ఒక పెద్దావిడ తిరగడం మొదలుపెట్టింది. ఈవిడ మిషన్ నడుస్తుండగా పిల్ల ఏడిస్తే లేచి వచ్చేది. కుడుతున్న గుడ్డ మీద పిల్ల రంగు పెన్సిల్‌తో గీతలు గీస్తే, "చూడు, పువ్వు వేసింది" అని నన్ను పిలిచేది. అదే పువ్వును నేను వేసి ఉంటే నా వీపు మీద ఏం పూసేదో నాకు బాగా తెలుసు. పిల్లకు ఆరేళ్ళప్పుడు బొమ్మకు గౌను కుడతానని రెండు గుడ్డముక్కలను ఎడాపెడా కలిపి తెచ్చింది. ఒక చేతికి దారి ఉంది, రెండో చేతికి లేదు. మా అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. నేను గుమ్మంలో నిలబడి, కుట్లు విప్పే కొక్కెం కోసం ఆమె చెయ్యి సొరుగులోకి వెళ్తుందని ఎదురుచూశాను. "ఎంత బాగా కుట్టావే తల్లీ!" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలు కావు. నా కూతురి మీద నేను అసూయపడ్డాను.

ఆ రాత్రే అడిగేశాను. మాకెప్పుడైనా అలా అన్నావా అమ్మా అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న చొక్కాకు గుండీ కుట్టడం పూర్తిచేసి, నాలుగు కాళ్ళ మధ్య దారం చుట్టి, ముడివేసి, పంటితో తెంపి, అప్పుడు చెప్పింది. "మిమ్మల్ని పెంచేటప్పుడు నాకు భయం. ఏది వంకర పోయినా నా వల్లేనని భయం. దీన్ని పెంచాల్సింది నువ్వు కదా. ఆ భయం ఇప్పుడు నీది." చెప్పి, దీపం తీసేయమంది. అమ్మ నాతో తన గురించి మాట్లాడిన సందర్భాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇంత సూటిగా మాట్లాడింది ఇదొక్కసారే.

మనుషులలో అమ్మమ్మలు, నానమ్మలు ఎందుకు అంతకాలం బతుకుతారన్నదానికి మానవశాస్త్రవేత్తల దగ్గర ఒక వాదన ఉంది. క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు టాంజానియాలోని హద్జా ప్రజల మధ్య గడిపి గమనించిన దాని ప్రకారం, పిల్లలను కనే వయసు దాటిన స్త్రీలు కూతుళ్ళ బిడ్డల పోషణను చాలావరకు భుజాన వేసుకుంటారు, అందువల్ల ఆ కూతుళ్ళు తర్వాతి బిడ్డకు త్వరగా సిద్ధపడగలుగుతారు. అలాంటి సాయం అందిన వంశాలే నిలదొక్కుకుని ఉంటాయన్నది వారి ఊహ. నేను కాదనను. పిల్లను ఆమెకు అప్పగించి ఉద్యోగానికి వెళ్ళగలిగినదాన్ని, ఎలా కాదంటాను? అయితే మా ఇంట్లో ఆ సాయానికి ఇంకో రూపం కూడా ఉండేది. మాకు ఆమె పనిచేసిపెట్టింది. నా కూతురి పక్కన ఊరికే కూర్చుంది. గంటలకు గంటలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్ల చెప్పే తలాతోకా లేని కథకు ఊకొడుతూ కూర్చుంది. చేతులు ఊరుకోవని చెప్పిన మనిషి ఈమేనా అని నేను నివ్వెరపోయేదాన్ని.

వారిద్దరి మధ్య ఒక నిత్యకృత్యం ఉండేది. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. అమ్మకూ ఆ వయసుకే అది వచ్చింది. కంట్లో కటకం ఏళ్ళు గడిచేకొద్దీ బిరుసెక్కి, దగ్గరి వస్తువుల కోసం ముందులా ఉబ్బలేదు కాబట్టి, సూదిని ఎంత దూరం జరిపితే చూపు అంత కుదురుతుంది, కానీ చెయ్యి పొడవుకు ఒక హద్దుంది. పిల్లకు అయిదేళ్ళు వచ్చిన దగ్గర నుంచి, "ఒకసారి నీ కళ్ళు ఇలా అప్పివ్వవే" అని అమ్మ పిలిచేది. అది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. దారం కొసను నోట్లో తడిపి, రెండు వేళ్ళతో నలిపి మొన చేసి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, బెజ్జంలోకి తోసేది. మొదట్లో ఒక్క సూదికి పావుగంట పట్టేది. ఆ పావుగంటలో ఒక కథ అయిపోయేది. దారం ఎక్కగానే, "నువ్వు లేకపోతే ఈ గుడ్డ గతేం కాను?" అని అమ్మ నిట్టూర్చేది. అది రెండు అంగుళాలు పెరిగినట్టు నడిచి వెళ్ళేది.

అరవై ఆరేళ్ళకు అమ్మ కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అంటే ఆమెకు భయం లేదు గానీ, కంట్లో పరాయి వస్తువు పెట్టి కుట్టేస్తారన్నది ఆమెకు నచ్చలేదు. గుడ్డలో గుడ్డ కలవాలి, గుడ్డలో రేకు కలుస్తుందా అని ఆమె తర్కం. అప్పుడు నేను ఆమెకు హెరాల్డ్ రిడ్లీ కథ చెప్పాను. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దం పగిలి, దాని పెంకులు కళ్ళలో దిగిన పైలట్లకు ఆయన వైద్యం చేశాడు. ఆ అద్దం నిజానికి ఒక రకం ప్లాస్టిక్. దాని ముక్కలు కంట్లోనే ఉండిపోయినా కన్ను వాటిని తిరస్కరించడం లేదని ఆయన గమనించాడు. ఆ గమనింపుతోనే 1949 నవంబరులో లండన్‌లో మొట్టమొదటి కృత్రిమ కటకాన్ని ఒక రోగి కంట్లో అమర్చాడు. అమ్మ అంతా విని, "ఒకరి కంట్లో దిగిన పెంకు ఇంకొకరికి చూపు తెచ్చిందన్నమాట" అని, మర్నాడు ఆపరేషన్‌కు ఒప్పుకుంది. కట్టు విప్పాక ఆమె మొదట చూసినది మమ్మల్ని కాదు, తాను ఆ మధ్య కుట్టిన జాకెట్టు. తెలుపనుకుని లేత పసుపు దారం వాడానని గుర్తించి, దాన్నంతా విప్పి మళ్ళీ కుట్టింది. దూరపు చూపు వచ్చినా దగ్గరి చూపుకు అద్దాలు కావలసే వచ్చాయి కాబట్టి, సూదిలో దారం మాత్రం పిల్ల పనిగానే మిగిలింది.

పదహారేళ్ళప్పుడు నా కూతురు జీవశాస్త్రం పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది. "అమ్మమ్మా, నేను నీ కడుపులో కూడా ఉన్నాను తెలుసా?" అంది. ఆడపిల్ల తల్లి గర్భంలో ఉండగానే ఆమె అండకణాలన్నీ ఏర్పడిపోతాయని, అయిదో నెలకు అవి 60–70 లక్షల దాకా ఉంటాయని, పుట్టేనాటికి 10–20 లక్షలకు తగ్గుతాయని, అందులో ఒకటి తానని వివరించింది. అంటే నన్ను మోసిన నెలలలో అమ్మ తన మనవరాలి తొలి కణాన్ని కూడా మోసింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "అన్ని లక్షల గుడ్డ కత్తిరించి, చివరికి ఒక్క గౌను కుట్టారా? నా దగ్గర పనిచేసేవాళ్ళయితే మాన్పించేదాన్ని" అంది. ముగ్గురమూ నవ్వాం. దానికి జవాబుగా పిల్ల ఇంకొకటి చెప్పింది. బిడ్డ కణాలు కొన్ని తల్లి శరీరంలోకి చేరి అక్కడే ఉండిపోతాయట. మగబిడ్డను కన్న తల్లుల రక్తంలో, ప్రసవమైన 27 ఏళ్ళ తర్వాత కూడా అలాంటి కణాలు దొరికాయని డయానా బియాంకి బృందం 1996లో ప్రకటించింది. మగ క్రోమోజోము తల్లిది కాదు కాబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపట్టడం సులువైంది. అమ్మ ఈసారి నవ్వలేదు. ఎడమచేతి చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటూ, "ఉంటాయి మరి. ఎక్కడికి పోతాయి?" అంది.

కూతురు కాలేజీకి దూరం వెళ్ళిపోయాక అమ్మ కుట్టుపని తగ్గించింది. వయసు వల్ల అనుకున్నాను. వెళ్ళేముందు పిల్ల పన్నెండు సూదులకు దారాలెక్కించి, ఒక పాత దుప్పటి ముక్కకు వరుసగా గుచ్చి ఇచ్చింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఖాళీ అయిన వాటిని మళ్ళీ నింపేది. ఆ తర్వాత రెండు శీతాకాలాలు అమ్మకు ఊపిరితిత్తులు ఇబ్బంది పెట్టాయి. మూడోదాన్ని ఆమె దాటలేదు. చివరి వారంలో జ్వరం చూడటం నా వంతైంది. కొలతల పుస్తకం వెనక పేజీలో గంటలు వేసి రాశాను. మొదటి అక్షరం రాయాల్సిన చోట ఏం రాయాలో తోచక "అ" అని రాశాను.

మొన్న, ఎనిమిది నెలల తర్వాత, మిషన్ సొరుగు తీశాను. బతికి ఉండగా మమ్మల్ని ఆ సొరుగు ముట్టనిచ్చేది కాదు. సుద్దముక్కలు, అరిగిన టేపు, వాసన పోని నూనె సీసా, పదమూడు గుండీలు, మందపాటి గుడ్డ చుట్టిన కత్తెర. బాబిన్ల డబ్బా అడుగున పల్చటి రేకు ఒకటి కనిపించింది. పెద్ద నాణెమంత ఉంటుంది. దాని కొసన వజ్రం ఆకారంలో వంచిన, వెంట్రుక కంటే కొంచెం మందమైన తీగ. ఆ తీగను బెజ్జంలోకి దూర్చి, దారాన్ని దానిలో వేసి వెనక్కి లాగితే, కళ్ళు మూసుకుని కూడా సూదిలో దారం ఎక్కించవచ్చు. చత్వారం వచ్చిన ప్రతివారి దగ్గరా ఉండే వస్తువే. రేకు మీద వేలి రాపిడికి మెరుపంతా పోయింది. తీగ ఒకచోట ఊడిపోతే, దారంతో తొమ్మిది పది చుట్లు చుట్టి, ఎంతో నేర్పుగా ముడి వేసి ఉంది. ఆ ముడి ఎవరిదో నేను అడగనక్కరలేదు.

వెంటనే కూతురికి ఫోన్ చేశాను. అమ్మమ్మ దగ్గర ఇలాంటిదొకటి ఉండేదని, నిన్ను పిలవాల్సిన అవసరమే ఆమెకు లేదని ఆత్రంగా చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

"ఆ తీగ ఊడగొట్టింది నేనేనమ్మా," అంది. "ఎనిమిదేళ్ళప్పుడు. ఎలా పనిచేస్తుందో చూద్దామని లాగాను."

"అమ్మమ్మ ఏమంది?"

"ఏమీ అడగలేదు. మర్నాడు చూస్తే దారం చుట్టి ఉంది. సాయంత్రం మళ్ళీ నన్నే పిలిచింది."